చదును పురుగుల పుట్టుక – మన కొండల్లో ఒక గుడ్డు కథ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు చాలా విషయాలు అనుకున్నాను. చివరికి పురుగుల గురించి రాస్తున్నాను. నవ్వకండి! దానికి ఒక కారణం ఉంది.

నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో, నా పక్క ట్రంకుపెట్టె అబ్బాయి ఒక సాయంత్రం స్టడీ అవర్లో ఉన్నట్టుండి కింద పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. నోటి వెంట నురగ వచ్చింది. మేమేం చేశాం? ఒకడు తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టాడు. ఇంకొకడు ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించాడు. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. ఊళ్ళో అది చిల్లంగి అన్నారు. పెట్టింది ఎవరో కూడా చెప్పారు. కోళ్ళు పోయాయి, మేక పోయింది, ఆ ఇంటికీ పక్కింటికీ మాటలు పోయాయి. చదువు సరేసరి. రెండేళ్ళ తరువాత పట్నంలో తలకు స్కానింగు తీస్తే అసలు సంగతి తేలింది. మెదడులో బఠాణీ గింజంత నీటితిత్తి, అందులో బద్దె పురుగు పిల్ల!

"పంది మాంసం తింటే వచ్చే పురుగు అది" అని ఎవరో చెప్పారు. వాళ్ళ నాన్న మరింత తికమకపడ్డాడు. ఎందుకంటే వాళ్ళింట్లో పంది మాంసం తినరు. ముట్టనైనా ముట్టరు.

మరి ఎలా వచ్చింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివిన తరువాతే జవాబు దొరికింది. అది పెద్ద పురుగులో దొరికే జవాబు కాదు. పురుగు గుడ్డు ఎలా తయారవుతుంది, అందులో పిండం ఎలా పెరుగుతుంది, ఏ దశలో అది బయటికి వస్తుంది అన్న దానిలో ఉంది. అందుకే ఈ వ్యాసం.

చదును పురుగులంటే ఏవి?

శరీరం గుండ్రంగా కాకుండా ఆకులాగానో, నాడాలాగానో బల్లపరుపుగా ఉండే పురుగులను చదును పురుగులంటాం. శాస్త్రంలో వీటి వర్గం పేరు ప్లాటిహెల్మింథిస్. వీటిలో కొన్ని నీళ్ళలో స్వేచ్ఛగా బతుకుతాయి. చాలా జాతులు మాత్రం ఇతర జీవుల శరీరంలో పరాన్నజీవులుగా ఉంటాయి. అలా చోటిచ్చే జీవిని అతిథేయి అంటారు. పిలవని చుట్టానికి అన్నం పెట్టే ఇల్లన్నమాట!

మన ప్రాంతంలో రెండింటిని కళ్ళతోనే చూడవచ్చు. ఇటుకల పండుగకో, జాతరకో మేకను కోసినప్పుడు కార్జాన్ని చీరితే, అప్పుడప్పుడు గొట్టాల్లోంచి గోధుమరంగు ఆకుల్లాంటివి జారిపడతాయి. అవే కార్జపు జలగలు. పేరుకు జలగే గానీ రక్తం తాగే గెడ్డ జలగకూ దీనికీ చుట్టరికం లేదు. మన దేశంలో పశువులకు ఎక్కువగా పట్టేది ఫాసియోలా జైగాంటికా అనే జాతి. 25 నుంచి 75 మిల్లీమీటర్ల పొడవుంటుంది. రెండోది బద్దె పురుగు. పంది ద్వారా వచ్చే దాని పేరు టీనియా సోలియం. ఇది మనిషి చిన్నపేగులో 2 నుంచి 4 మీటర్ల పొడవు పెరుగుతుంది.

ఈ రెండూ ఉభయలింగ జీవులు. అంటే ఒకే పురుగులో ఆడ అవయవాలూ మగ అవయవాలూ ఉంటాయి. చీకటి పేగులోనో, కార్జపు గొట్టంలోనో ఒంటరిగా చిక్కుకున్న పురుగుకు జత దొరకకపోయినా వంశం ఆగకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది.

సద్దిమూటతో బయలుదేరే పిండం

ముందుగా కార్జపు జలగ సంగతి చూద్దాం.

కోడిగుడ్డు మీకు తెలుసు. అందులో పచ్చసొన, పిల్ల కాబోయే భాగం రెండూ ఒకే కణానికి చెందినవి. జలగ గుడ్డులో అలా కాదు. జలగలో కొమ్మలు కొమ్మలుగా ఉండే ఒక స్త్రీబీజకోశం ఉంటుంది. అక్కడ తయారయ్యే బీజకణంలో ఆహారం దాదాపు ఉండదు. ఆహారం వేరేచోట, శరీరం రెండు అంచుల పొడవునా పరుచుకుని ఉన్న పీతక గ్రంథుల్లో తయారవుతుంది. ఫలదీకరణ జరిగే చోట ఒక్క బీజకణం చుట్టూ సుమారు 30 పీతక కణాలు చేరతాయి. వీటన్నిటినీ కలిపి పెంకు మూసేస్తుంది. ఆ పెంకుకు కావలసిన సరుకు కూడా పీతక కణాల నుంచే వస్తుంది.

పొలానికి పోయేవాడికి అమ్మ సద్దిమూట కట్టి ఇస్తుంది కదా! సద్దిమూట మనిషిలో భాగం కాదు, కానీ దారిపొడవునా అదే ఆధారం. పీతక కణాలు కూడా అంతే. పిండంలో భాగం కావు, పిండానికి తిండి మాత్రం అవే. పెంకుకు ఒక చివర చిన్న మూత ఉంటుంది. ఈ మూత సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఒక కార్జపు జలగ రోజుకు వేల గుడ్లు పెడుతుంది. 20,000 దాకా పెట్టగలదని లెక్కగట్టారు. గుడ్లు పైత్యరసంతో కలిసి పేగుకు చేరి, పేడతో బయటపడతాయి. అప్పటికి లోపల పిండం ఇంకా మొదటి అడుగుల్లోనే ఉంటుంది. పేడలోనే ఎండిపోతే గుడ్డు చచ్చిపోతుంది. వాన వచ్చి పేడను కరిగించి గెడ్డలోకో, వరి మడిలోకో చేర్చితేనే దానికి జీవితం.

నీళ్ళలో పెరిగే పిండం

నీళ్ళు, గాలి, వెచ్చదనం మూడూ దొరికితే పిండం రెండు మూడు వారాల్లో పూర్తిగా తయారవుతుంది. చలి ఎక్కువైతే ఎదుగుదల నెమ్మదిస్తుంది. పది డిగ్రీల కంటే తగ్గితే ఆగిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మన లంబసింగి, చింతపల్లి ఉష్ణోగ్రతలు అంతకంటే కిందికి దిగడం, చింతపల్లి వ్యవసాయ పరిశోధనా కేంద్రం లెక్కలు పేపర్లలో పడటం మీకు తెలిసిందే. ఆ చలిలో గుడ్లు ఎదగవు. అలాగని అన్నీ చావవు. తడి ఉన్నచోట ఎండ కోసం కాచుకుని ఉంటాయి.

ఈ పిండం తొలి విభజనలోనే ఒక చిత్రం ఉంది. మొదటి కణం రెండు సమాన భాగాలుగా చీలదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒక దాని సంతతి ఈ పిల్ల పురుగు ఒళ్ళు కడుతుంది. రెండో దాని సంతతిలో కొంతభాగం ఒంట్లో కలిసిపోకుండా బీజకణాలుగా మిగిలిపోతుంది. రైతు పండిన ధాన్యమంతా తినేయకుండా విత్తనాల కోసం కొంత గాదెలో దాస్తాడు చూడండి, అదే పద్ధతి. ఈ దాచిన విత్తనాలే తరువాతి కథనంతా నడిపిస్తాయి.

గుడ్డులో తయారైన మొదటి డింభకం పేరు మిరాసిడియం. దాని ఒంటి మీద సరిగ్గా 21 కణాలు ఐదు వరుసల్లో పేర్చి ఉంటాయి. వరుసకు 6, 6, 3, 4, 2 చొప్పున. కావాలంటే కూడి చూసుకోండి! ప్రతి కణం మీదా ఈదటానికి సన్నని నూగు ఉంటుంది. ముందు భాగంలో రెండు కంటిచుక్కలు ఉంటాయి. వెలుతురు తగిలినప్పుడు గుడ్డు లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఇందాక చెప్పిన మూత టక్కున తెరుచుకుంటుంది. మిరాసిడియం బయటికి దూకుతుంది.

దానికి నోరు పనిచేయదు, తిండి లేదు. దగ్గరున్న శక్తితో సుమారు ఒక్క రోజు బతుకుతుంది. ఆ ఒక్క రోజులో గెడ్డ అంచుల్లో ఉండే లిమ్నియా జాతి నత్త దొరకాలి. దొరికితే ముందు కొనతో తొలుచుకుని లోపలికి వెళుతుంది, పైనున్న నూగు కణాలను బయటే వదిలేస్తుంది. దొరకకపోతే అంతే సంగతులు.

నత్త కడుపులో తరాలు

నత్తలోకి వెళ్ళిన మిరాసిడియం ఒక సంచిలా మారుతుంది. దాని పేరు స్పోరోసిస్ట్. అప్పుడు దాచిపెట్టిన విత్తనాలు పని మొదలుపెడతాయి. ఒక్కొక్క బీజకణం విభజన చెంది ఉండలా తయారై, రీడియా అనే కొత్త డింభకంగా ఎదుగుతుంది. ఇక్కడ మగ లేదు, ఆడ లేదు, ఫలదీకరణ లేదు. రీడియాకు నోరు, చిన్న పేగు ఉంటాయి. సంచిని చీల్చుకుని వచ్చి నత్త మాంసాన్నే తింటూ పెరుగుతుంది. దాని కడుపులోనూ బీజకణాలు ఉంటాయి. వాటి నుంచి మరిన్ని రీడియాలు పుట్టవచ్చు, లేదా సర్కేరియా అనే తోక డింభకాలు పుట్టవచ్చు. ఇలా నత్తలోకి దూరిన ఒక్క మిరాసిడియం నుంచి వందల సర్కేరియాలు బయటికి వస్తాయి. ఒక్కొక్కప్పుడు 600 దాకా!

ఈ బీజకణాలు ఏమిటన్న దానిపై శాస్త్రజ్ఞులు వందేళ్ళకు పైగా వాదించుకున్నారు. దీని దూరపు బంధువైన షిస్టోసోమా పురుగు డింభకాల మీద జరిపిన పరిశోధన 2013లో వెలువడింది. నత్తలోని ఈ కణాలు ఏ అవయవంగానైనా మారగల మూలకణాల వంటివని అందులో చూపించారు. పొలంలో దాచిన విత్తనం అన్న మన పోలిక మరీ తప్పు కాదన్నమాట.

ఈ జీవితచక్రాన్ని మొదట పూర్తిగా విప్పింది ఇద్దరు. ఇంగ్లండులో థామస్, జర్మనీలో లూకార్ట్. 1881 నుంచి 1883 మధ్య ఎవరికి వారుగా కనిపెట్టారు. అంతకు ముందే ఇంగ్లండులో జలగ రోగంతో లక్షల గొర్రెలు చచ్చిపోయాయి. ఆ నష్టమే థామస్‌ను నత్తల వెంట తిప్పింది.

గడ్డి పోచ నుంచి కార్జానికి

నత్త నుంచి బయటపడిన సర్కేరియా తోక ఆడిస్తూ ఈది, గడ్డి పోచనో వరి కాండాన్నో పట్టుకుంటుంది. తోక రాల్చేస్తుంది. చుట్టూ గట్టి కవచం కట్టుకుని మెటాసర్కేరియాగా మారుతుంది. చూడటానికి గసగసాల కంటే చిన్న చుక్క. ఆవో, ఎద్దో, గేదో ఆ గడ్డి మేస్తే కవచం పేగులో కరుగుతుంది. పిల్ల జలగ పేగు గోడ తొలుచుకుని కార్జాన్ని చేరుతుంది, వారాల తరబడి కార్జాన్ని తొలుస్తూ తిరిగి, చివరికి పైత్యరస గొట్టాల్లో స్థిరపడుతుంది. మేసిన మూడు నెలలు దాటాక మళ్ళీ గుడ్లు మొదలు.

ఈలోగా పశువుకు రక్తం తగ్గుతుంది, ఒళ్ళు తీస్తుంది, దవడ కింద నీరు దిగుతుంది. కాడెద్దు ఒకటి పడిపోతే ఆ ఏడాది దుక్కి ఆగినట్టే. అది మన ఇళ్ళలో చిన్న మాట కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. చాలామంది, "జలగలున్న కార్జం తింటే మనకూ పడతాయా?" అని అడుగుతారు. పడవు. పెద్ద జలగను మింగినా, దాని గుడ్డును మింగినా మన ఒంట్లో అది పెరగదు. ఎందుకంటే గుడ్డు నీళ్ళలో ఎదగాలి, నత్తలో తరాలు గడవాలి. అవి దాటి వచ్చిన మెటాసర్కేరియా దశకే జంతువులో పెరిగే శక్తి ఉంది. నీటి అంచున పెరిగే ఆకుకూరలను పచ్చిగా తింటే మనుషులకు కూడా అరుదుగా రావడానికి కారణం ఆ దశే. అంటే, ఏ పురుగు లోపలికి పోయిందన్నది ఒక్కటే సరిపోదు. ఏ దశ లోపలికి పోయిందన్నది అసలు ప్రశ్న. ఈ వాక్యం గుర్తుంచుకోండి. నా స్నేహితుడి కథకు తాళంచెవి ఇదే.

ఇన్ని గుడ్లు ఎందుకు?

లెక్క వేసి చూడండి. రోజుకు వేల గుడ్లు, నెలల తరబడి. అన్నీ బతికితే ప్రపంచంలో పశువన్నది మిగలదు. కానీ ఒక జలగ జీవితకాలంలో పెట్టిన లక్షల గుడ్లలో సగటున ఒక్కటి మళ్ళీ పెద్ద జలగ అయితే చాలు, వాటి సంఖ్య తగ్గకుండా నిలబడుతుంది. నీళ్ళు చేరనివి, నత్త దొరకనివి, గడ్డి మీదే ఎండిపోయినవి మిగతావన్నీ. కాబట్టి అంత సంతానం దాని బలానికి కాదు, దారిలో ఉన్న కష్టానికి గుర్తు. ప్రతి మజిలీ దగ్గరా దానికి గండం ఉంది. ఆ గండాలను మనం కాస్త పెంచగలిగితే చాలు, గొలుసు తెగుతుంది.

మీకు తెలుసా?

* చేపల ఒంటి మీద ఉండే గైరోడాక్టిలస్ అనే చదును పురుగు గుడ్డు పెట్టదు, పిల్లనే కంటుంది. తల్లి కడుపులో బిడ్డ, ఆ బిడ్డ కడుపులో మనవడు అప్పటికే పెరుగుతూ ఉంటారు!

* చేప మొప్పల్లో ఉండే డిప్లోజూన్ పురుగులు పిల్లలుగా ఉన్నప్పుడే రెండు కలిసి అతుక్కుపోతాయి. ఇక జీవితాంతం విడిపోవు.

* చదును పురుగుల్లో ఆడ, మగ వేరుగా ఉండేవి షిస్టోసోమాలు. పశువులకు గురక వ్యాధి కలిగించే షిస్టోసోమా నాసేల్ ముక్కు రక్తనాళాల్లో ఉంటుంది. దీనికి ఆ పేరు పెట్టింది 1933లో మద్రాసులో పనిచేసిన రావు అనే శాస్త్రవేత్త.

బద్దె పురుగు – వెయ్యి గదుల ఇల్లు

ఇప్పుడు బద్దె పురుగు దగ్గరికి వద్దాం. దీని తల గుండుసూది తలంత. నాలుగు చూషకాలు, రెండు వరుసల్లో 22 నుంచి 32 కొక్కేలు ఉంటాయి. వాటితో పేగు గోడను పట్టుకుంటుంది. నోరు లేదు, పేగు లేదు. మనం తిన్న అన్నం సారాన్ని ఒంటితోనే పీలుస్తుంది. మెడ దగ్గర కొత్త ఖండితాలు పుడుతూ పాతవి వెనక్కి జరుగుతూ ఉంటాయి. మొత్తం వెయ్యికి దగ్గరగా ఉంటాయి.

ప్రతి ఖండితంలోనూ ముష్కాలు, స్త్రీబీజకోశం రెండూ ఉంటాయి. ముందు మగ భాగాలు పరిపక్వం అవుతాయి, తరువాత ఆడ భాగాలు. చివరికి చేరేసరికి అన్ని అవయవాలూ కరిగిపోయి గర్భాశయం ఒక్కటే మిగులుతుంది. అది చెట్టులా కొమ్మలు వేసి గుడ్లతో నిండిపోతుంది. ఒక ఖండితంలో 30,000 నుంచి 50,000 గుడ్లు! అది తెగి మలంతో బయటపడుతుంది.

తేడా ఎక్కడుందంటే, జలగ గుడ్డులా ఇది నీళ్ళలో పడ్డాక పెరిగే పిండం కాదు. తల్లి గర్భాశయంలోనే పెరుగుదల పూర్తవుతుంది. ఫలదీకరణ చెందిన కణం పెద్ద, మధ్యరకం, చిన్న అనే మూడు రకాల కణాలుగా విడిపోతుంది. పెద్దవి పైపొర అవుతాయి. మధ్యరకంవి మందమైన గోడ కడతాయి. చిన్నవి లోపల పిల్లగా తయారవుతాయి. అంటే పెద్దవాళ్ళు తాము పురుగు కాకుండానే చిన్నవాళ్ళకు ఇల్లు కట్టి పెడతారు. ఆ ఇంటి గోడ ఎంత గట్టిదంటే తడి నేలలో నెలల తరబడి పిల్లను కాపాడుతుంది. లోపలి పిల్లకు ఆరు కొక్కేలు ఉంటాయి. అందుకే దాన్ని షట్కంటక డింభకం లేదా హెక్సాకాంత్ అంటారు.

కాబట్టి బద్దె పురుగు గుడ్డు మలంతో బయటపడిన క్షణం నుంచే సిద్ధంగా ఉంటుంది. నీళ్ళలో వారాలు ఉండనక్కరలేదు. నత్త అక్కరలేదు. నోట్లోకి పోతే చాలు.

ఒకే పురుగు – రెండు దారులు

బయట మలం ఉన్నచోట తిరిగే పంది ఆ గుడ్లను మింగుతుంది. దాని జీర్ణరసాలు గోడను కరిగిస్తాయి. ఆరు కొక్కేల పిల్ల పేగు గోడను చీల్చుకుని రక్తంలో పడి కండల్లోకి చేరుతుంది. అక్కడ కొక్కేలు పోయి, రెండు మూడు నెలల్లో నీటితిత్తిగా మారుతుంది. లోపల తల తిరగేసిన సంచిలా ముడుచుకుని ఉంటుంది. దీని పేరు సిస్టిసెర్కస్. మాంసం కోసేవాళ్ళు సగ్గుబియ్యం గింజల్లాంటి తెల్లని నీటి గింజలుగా చూస్తూ ఉంటారు.

మొదటి దారి: ఆ గింజలున్న మాంసాన్ని సరిగా ఉడకకుండా తింటే తల బయటికి తిరిగి మన పేగును పట్టుకుంటుంది. రెండు నెలల్లో పెద్ద బద్దె పురుగు. అంటే గింజ మింగితే పేగులో పురుగు. జర్మనీలో కూకెన్‌మీస్టర్ అనే వైద్యుడు 1855లో మరణశిక్ష పడిన ఖైదీకి ఈ గింజలను తినిపించి, శిక్ష అమలయ్యాక పేగులో బద్దె పురుగులను చూపించాడు. ఇవాళ అలాంటి ప్రయోగాన్ని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

రెండో దారి: మాంసంలోని గింజ బదులు మనిషి మలంలోని గుడ్డు మన నోట్లోకి వస్తే? మన ఒంట్లో జరిగేది పందిలో జరిగినట్టే జరుగుతుంది. పిల్ల రక్తంలోకి దూకుతుంది. కండలోకి, కంటిలోకి, మెదడులోకి చేరి నీటితిత్తి అవుతుంది. అది బతికున్నంతకాలం చాలాసార్లు ఏ ఇబ్బందీ తెలియదు. కొన్నేళ్ళకు అది చావడం మొదలైనప్పుడు చుట్టూ వాపు వస్తుంది. అప్పుడు మూర్ఛలు వస్తాయి.

ఇప్పుడు అర్థమైందా? నా స్నేహితుడు పంది మాంసం తిననక్కరలేదు. ఇంట్లోనో, ఊళ్ళోనో, అన్నం వండే చోటనో బద్దె పురుగు ఉన్న ఒక్క మనిషి మలవిసర్జన తరువాత చేతులు సరిగా కడుక్కోకపోతే చాలు. పచ్చిగా తినే కూరగాయలను మలం కలిసిన నీళ్ళతో కడిగితే చాలు. మాంసం తినేవాళ్ళను తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. పక్కింటివాళ్ళు చిల్లంగి పెట్టారనడానికి అంతకంటే ఏమీ లేదు. ఒక పురుగు పిండం ఒక దశ ముందే మన నోటికి చేరింది, అంతే.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. ఈ పురుగు పాతుకుపోయిన చాలా ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పొరుగు రాష్ట్రం తమిళనాడులో, వెల్లూరు జిల్లాలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2006లో వచ్చాయి. అక్కడ కూడా మూర్ఛతో బాధపడేవారిలో సుమారు మూడోవంతు మందికి ఇదే కారణమని తేలింది.

పిండం నుంచే టీకా

శత్రువు దగ్గరి ఆయుధంతోనే శత్రువును ఓడించడమంటే ఇదే. ఆరు కొక్కేల పిల్ల దగ్గర ఉండే ఒక ప్రోటీనును ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గుర్తించి పందులకు టీకాగా పనికొస్తుందని చూపించారు. దాన్ని మార్కెట్లోకి వచ్చే టీకాగా తయారుచేసింది మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ. టీకా వేసిన పంది గుడ్లను మింగినా, దాని రక్తంలోని రక్షక పదార్థాలు పిల్ల కండకు చేరకముందే పట్టుకుంటాయి. పిండం ఏ దశలో బలహీనమో తెలిసింది కనుకనే ఇది సాధ్యమైంది. పుస్తకంలో బొమ్మ గీసి భాగాలు గుర్తించే పాఠం వృథా కాదని నేను చెప్పేది ఇందుకే.

మనం ఏం చేయగలం?

పశువుల విషయంలో: గెడ్డ అంచున, ఊబి నేలలో మేపు తగ్గించాలి. వరి కాండంలో నీళ్ళకు దగ్గరగా ఉన్న కింది భాగంలోనే మెటాసర్కేరియాలు ఎక్కువగా ఉంటాయి. కాబట్టి గడ్డిని ఎండలో బాగా ఆరబెట్టి వేయాలి. పచ్చి పేడను మడిలోకి వదలకుండా పెంటకుప్పలో మాగనివ్వాలి. మందు పశువైద్యుణ్ణి అడిగే పట్టించాలి. ఇండోనేషియాలో ఒక ఉపాయం చేసి చూశారు. వరి మడుల దగ్గర బాతులను పెంచారు. బాతుల్లో ఉండే మరో జాతి చదును పురుగు రీడియాలు నత్త లోపల కార్జపు జలగ రీడియాలను తినేస్తాయి!

మన విషయంలో: పంది మాంసాన్ని చిన్న ముక్కలు చేసి, లోపల ఎరుపు లేకుండా ఉడికించి తినాలి. పొగ పెట్టడం, పైపైన కాల్చడం సరిపోదు. తెల్ల గింజలున్న మాంసాన్ని వండకూడదు, ఇంకో పందికి పడేయకూడదు. మరుగుదొడ్డి వాడాలి, పందులను అటు రానీయకూడదు. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. హాస్టల్లో అన్నం వడ్డించేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

మాత్రల విషయంలో: 2015లో మొదలై ఇప్పుడు దేశమంతటా జరుగుతున్న నులిపురుగుల నిర్మూలన దినం రోజు ఇచ్చే అల్బెండజోల్ మాత్ర తప్పక వేసుకోండి. కానీ అది ముఖ్యంగా ఏలికపాములు, కొంకిపురుగుల వంటి గుండ్రటి పురుగుల కోసం. ఆ ఒక్క మాత్రతో బద్దె పురుగు పోయిందనుకోకూడదు. మలంలో తెల్లని బద్దెముక్కలు కనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. మూర్ఛ వచ్చేవాళ్ళు మాత్రం పురుగుల మందు సొంతంగా వేసుకోకూడదు. మెదడులోని తిత్తులు ఒక్కసారిగా చస్తే వాపు పెరుగుతుంది. ఎప్పుడు, దేనితో కలిపి ఇవ్వాలో డాక్టరే చెప్పాలి.

ఎవరికైనా మూర్ఛ వస్తే: చుట్టూ మూగవద్దు. రాళ్ళు, బల్లలు పక్కకు జరపండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, కదలికలు తగ్గగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. తాళాలు వద్దు, ఉల్లిపాయ వద్దు, గట్టిగా పట్టుకోవద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మొదటిసారి వస్తే తగ్గిపోయినా సరే తీసుకెళ్ళాల్సిందే.

ముగింపు

నా స్నేహితుడు మందులు వాడాడు. మూర్ఛలు ఆగాయి. ఇప్పుడు పొలం చూసుకుంటున్నాడు, కాఫీ మొక్కలు పెంచుతున్నాడు. మా ఊరి సంతలో కలిసినప్పుడు నవ్వుతూ పలకరిస్తాడు. కానీ పదో తరగతి పరీక్ష రాయలేదు. పక్కింటితో మాటలు కలవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళను ఏ మాత్రా తిరిగి ఇవ్వలేదు.

ఆ రోజు స్టడీ అవర్లో ఉన్న ముప్పై మందిలో ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి, ఈ గుడ్డు కథ తెలిసి ఉంటే? ఇప్పుడు మీకు తెలిసింది తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకు, నాన్నకు, తాతకు చెప్పండి. పొయ్యి దగ్గర కూర్చుని మన మాటల్లో చెప్పండి. మిరాసిడియం, హెక్సాకాంత్ పేర్లు పరీక్షకు రాసుకుందురు గాని. ఇంట్లో చెప్పాల్సింది మాత్రం ఒక్కటే: అది చిల్లంగి కాదు, కడుక్కోని చెయ్యి.